తొమ్మిదో రోజు మనవి

పునీత జోజప్పకు తొమ్మిదో రోజు నొవేనా ప్రార్థన ముగించి వదిన కొవ్వొత్తి ఆర్పబోతుంటే, ఆసుపత్రి నుంచి ఆడపడుచు ఆయాసపడుతూ వచ్చింది.

"వదినా! అన్నయ్య కళ్ళు తెరిచాడు! మంచినీళ్ళు కూడా తాగాడు!"

వదిన చేతిలోని జపమాల జారి నేల మీద పడింది.

"అలా కొయ్యబారిపోయావేంటి? జోజప్ప నీ మొర విన్నాడు!"

"వినలేదు."

"అదేం మాట?"

"మంచి మరణం ఇమ్మని వేడుకునేది కూడా ఆయన్నేగా. మీ అన్నయ్య నరకయాతన చూడలేక నేను అదే అడిగాను."

"తొమ్మిది రోజులూనా? రోజూ నీ పక్కనే మోకరించి నేను బతికించమని ఏడ్చానే!"

"విన్నాను. అయినా నా మనవి మార్చుకోలేదు."

వదిన వంగి జపమాల తీసుకుంటూ అడిగింది.

"మీ అన్నయ్య ఏమైనా అన్నారా?"

"నీ గురించే. 'మీ వదిన వేళకి తింటోందా?' అని."