చలావు అడిగింది

పేరంటాలని ఒకామె ఉండేదంట, సముద్రం ఒడ్డున పల్లెకారోళ్ళ పాలెంలో. పేరంటాలంటే ముత్తైదువ గదా. ఆమె మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఇంక ఆ పేరుతో ఎట్టా పిలుస్తారు? ఎగతాళి చేసినట్టుంటదని ఊళ్ళో అందరూ మానుకున్నారంట. ఏమే అన్నారు, ఇదిగో అన్నారు, కొన్నాళ్ళకి అదీ లేదు. ఎండుచేపలు అమ్ముకుంటా ఒంటరిగా బతికేది.

ఏమైందంటే, తుపాను వెలిసిన పొద్దున ఒక మనిషి చెక్క పట్టుకోని ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. ఏ దేశపోడో, మన మాట రాదు. ఊరిపెద్ద ఆయన్ని ఈమె గుడిసె పక్క పాకలో పడుకోబెట్టించి, కాస్త గంజి పొయ్యమని చెప్పాడంట. తేరుకున్నాక ఆ మనిషి రొమ్ము మీద చెయ్యేసుకోని చలావు, చలావు అంటాడు. రోజూ అదే మాట. చలవ అడుగుతున్నాడర్రా, గుండెల్లో మంటేమో అన్నారు ఊరోళ్ళు. మజ్జిగిచ్చారు. తాగాడు, మళ్ళీ చలావు అన్నాడు. సబ్జా నీళ్ళిచ్చారు. గంధం తీసి రొమ్ముకి పూశారు. పూయించుకున్నాడు పాపం, ఏంజేస్తాడు, పూసినంతసేపూ తల అడ్డంగా ఊపుతానే ఉన్నాడంట. ఇంత చేసినా ఇంకేం కావాలంట ఈయనకని విసుక్కోని రావటం మానేశారు.

ఒకరోజు ఎవరో తల్లి ఒడ్డున కూతుర్ని కేకేసింది, ఓ మంగా అని. ఆ పిల్ల పరిగెత్తుకోని పోయింది. ఈయన ఆ తల్లి నోటివంకే చూస్తా, రొమ్ము మీద చెయ్యేసుకోని మెల్లగా అన్నాడంట, చలావు అని. గంజి తెచ్చిన పేరంటాలు అది చూసి నిలబడిపోయింది. అది ఆయన పేరు. పిలవమంటన్నాడు, అంతే. ఆమెకి గాక ఇంకెవరికి తెలుస్తది ఆ ఆకలి, మీరే చెప్పండి. ముంత కింద పెట్టింది, కాస్త ఎడంగా పోయింది, పిలిచింది.

"చలావూ."

ఆ మనిషి లేచొచ్చి ఆమె ముందర కూలబడి పసిపిల్లోడల్లే ఏడ్చాడంట. ఏడ్చి, మరి నీ పేరో అన్నట్టు ఆమె వంక చెయ్యి చూపించాడు. ఆమె అటూ ఇటూ చూసింది. చివరికి "పేరంటాలు" అంది. దాని అర్థం ఆయనకేం తెలుసు? నోరారా పిలిచాడు.

అట్టా ఒకర్నొకరు పిలుచుకోవటమే గానీ ఇంకో మాట లేదనుకోండి ఇద్దరికీ. ఆ ఎండాకాలంలో ఓడొచ్చింది, ఆయన దేశం వైపు పోయేది. పడవెక్కి ఓడ దాకా పోతా పోతా ఆమె పేరు పిలుస్తానే ఉన్నాడంట. ఊరంతా ఒడ్డున నిలబడి విన్నారు. ఉండమని ఆమె అడగలేదా అంటారేమో. ఆయనకి తెలిసేట్టు అనటానికి ఆమె దగ్గరున్నది ఒక్క మాటే గదా, అదే అరిచింది. పోయిరమ్మంటందనుకున్నాడో ఏమో, చెయ్యి ఊపాడు.

అంతమంది విన్నారు, మర్నాటి నుంచన్నా ఒక్కరు ఆమెని పేరుతో పిలవొచ్చుగా? పిలవలేదంట. నేనుంటే పిలిచేవాణ్ణే అనుకోండి. ఆళ్ళూ అట్టాగే అనుకోనుంటారు.