కరుణమ్మకు వినపడే పక్క

"అవ్వా, మధ్యాన్నం నిద్దట్లో కరుణమ్మా, కరుణమ్మా అని పిలిచినావు. ఎవురామె?"

పిలిచినానా? ఏమో తల్లీ. ఈమధ్య కునుకు పడితే చాలు, మా సముద్రం ఒడ్డు ఊరికే పోతుండా. ఇసక దిబ్బలు, సరుగుడు తోపులో గాలి... ఆ గాలిలోనే కనపడతాది కరుణమ్మ.

నేను కాపరానికి పోయిన రెండో ఏడు... కాదు కాదు, మీ నాయన చంకలో ఉండాడు, అంటే మూడో ఏడు. ఆమే, మొగుడూ కొత్తగా మా వీధిలో దిగినారు. బోరింగు కాడ "ఏ ఊరు మీది?" అని అడిగినా. తిరిగి చూడలా. చర్చిలో పలకరించినా, పలకలా. నాకు ఒళ్లు మండింది. ఆమె పక్కనించి పోతా "అబ్బో, మహారాణి!" అన్నా. ఇంక ఆడోళ్లందరికీ అదే పేరైపోయింది.

ఆ ఏడే తుఫాను. అందర్నీ బడి మిద్దెలోకి పొమ్మని మైకులో చెప్పినారు. మొగోళ్లు పడవలు లాగే పనిలో ఉండారు, ఆమె మొగుడు కూడా. నేను మీ నాయన్ని ఎత్తుకోని పోతా పోతా, వాకిట్లో అటు తిరిగి మేకను కట్టేస్తుండే కరుణమ్మను చూసి, "రామ్మే, నీళ్లొస్తాయంట!" అని అరిచినా. తిరగలా. ఉండు మరి, నీ పొగరూ నువ్వూ అనుకోని పోయినా.

బడి కాడ మా అత్త, "కరుణమ్మ ఏదే?" అనింది.

"పిలిస్తే రాలా."

"ఎన్నిసార్లు పిలిచినావు?"

బిడ్డను అత్త ఒళ్లో ఏసి పరిగెత్తినా. వీధిలోకి నీళ్లు ఎక్కుతుండాయి. పట్టపగలే మాపటేళ మాదిరి చీకటి. కరుణమ్మ ఒక్కతే బియ్యం మూట మంచం మీదికి ఎత్తతా ఉండాది. భుజం పట్టుకుంటే ఉలిక్కిపడింది. "అందరూ ఎటు పోయినారక్కా?" అని ఒకటే ఏడుపు. నేను ఏదో చెప్తుంటే, నా గడ్డం పట్టుకోని తన కుడి పక్కకు తిప్పుకునింది.

"ఎడం చెవి వినపడదక్కా. ఇది కూడా దగ్గరికొస్తేనే." ఎగతాళి చేస్తారని మొగుడు చెప్పొద్దన్నాడంట.

చెయ్యి పట్టుకోని తెచ్చినా. బడిలో బిడ్డను మళ్లా నా ఒళ్లోకి తీసుకోని, ఇద్దరం ఒకే చాప మీద కూర్చున్నాం. సిగ్గు, ఏం చెప్పేది... ఆ కుడి చెవి కాడ నోరు పెట్టి, "నీకు మహారాణి అని పేరు పెట్టింది నేనే" అన్నా.

నవ్వింది. "తెలుసక్కా. ఆరోజు నువ్వు ఈ పక్కనే ఉండావు."

అంతే. మీ నాయన్ని నా ఒళ్లోంచి తీసుకోని, తన కొంగు కప్పి జోకొట్టింది.

చల్లగా ఉండు తల్లీ. అట్టాంటి మనిషి నీకూ తోడు దొరకాల. ఆ నవ్వు ఉండాదే, అది ఎట్టుండేదంటే...

"అవ్వా? మళ్లా కునుకు పడిందా?"