పీకేసిన బఫర్

హలో… ఆ, నేనే, మీ మావయ్యని. ఇంకా ఆస్పత్రిలో ఆ అమ్మాయి దగ్గరే ఉన్నావా?

…ఎన్ని వేళ్లు పోయాయి? …రెండా. ప్రెస్ మిషన్ కింద చెయ్యి మొత్తం పోవాల్సింది. అదృష్టవంతురాలు.

…అరవకు. నువ్వరిస్తే వేళ్లు అతుక్కుంటాయా?

ఆ అమ్మాయి వాళ్లాయన ఏడుస్తున్నాడు, వినపడుతోందిలే. నువ్వలా పక్కకి రా, మెట్ల దగ్గరకి. …వచ్చావా? ఇప్పుడు చెప్పు. చెయ్యి అడ్డమొస్తే సెన్సర్ పని చేసిందా? …చేసింది. 'ఒకటి' అని సంకేతం పంపింది. మరి బ్రేకు ఎందుకు పడలేదు?

…బఫర్ చిప్ లేక. తెలుసురా, తెలిసే అడుగుతున్నా. ఒకటిస్తే ఒకటి, సున్నా ఇస్తే సున్నా. ఇచ్చిందే తిరిగి ఇచ్చేదానికి బోర్డులో చోటు దండగ, పీకెయ్ అన్నాను. అన్నాను, కాదనను.

…ఔను, నువ్వూ చెప్పావు. "మాట మార్చదు మావయ్యా, మాటకి బలమిస్తుంది" అన్నావు. సెన్సర్ ఒక్కటే గంటనీ, దీపాన్నీ, బ్రేకునీ మొయ్యలేదన్నావు. బెంచీ మీద గంట ఒక్కటే తగిలించి చూశాం, గణగణా మోగింది. అక్కడితో పీకేశాం.

…అవును, ప్రెస్ దగ్గర మూడూ తగిలించేసరికి సంకేతం నీరసపడింది. ఒకటీ కాక, సున్నా కాక, రెంటికి చెడ్డ రేవడైంది. ఇప్పుడా పాఠమంతా ఎందుకు?

ఒక్కటే అడుగుతా. చిప్ పీకెయ్యమని ఫోర్‌మన్‌కి ఎవరు చెప్పారు?

…నేను చెప్పమంటేనే చెప్పావు, నిజమే. ఆయన విన్నది ఎవరి నోట? …చూశావా! షెడ్డులో నేనెప్పుడైనా నోరు తెరిచానా? ఇక్కడ నేను గొణిగేది అక్కడ నువ్వు గట్టిగా చెబుతావు. అటువాళ్లకి కనపడేది నువ్వే. మధ్యలో నిన్ను పెట్టుకున్నది మరెందుకనుకున్నావు, బఫరూ?

…తనిఖీకొచ్చే ఆఫీసరుతో నేనే పీకించానని చెప్పు. ఏమవుతుంది? మహా అయితే నీ లైసెన్సు పోతుంది, కొన్నాళ్లు లోపలుంటావు. షెడ్డు నిలబడుతుంది.

…అబద్ధం చెప్పనంటావా? ఓహో! తిన్నింటి వాసాలు లెక్కపెట్టకురా. మీ అమ్మ మా పైగదిలోనే ఉంది. తనంతట తాను మెట్లు దిగలేదు. డయాలసిస్‌కి పోవాలంటే నా కారే ఎక్కాలి.

…చెల్లెలే. నా సొంత చెల్లెలే. అందుకేగా ఇన్నాళ్లూ ఎక్కించుకుంటున్నా.

…బెదిరింపు కాదు నాయనా, గుర్తు చేస్తున్నా. ఉండు, తనిఖీ ఆఫీసరు వచ్చారు. స్పీకర్లో పెడుతున్నా.

రండి సార్, కూర్చోండి. మా మేనల్లుడేనండి, మా ఇంజినీరు. ఆస్పత్రిలో ఆ అమ్మాయి దగ్గరే ఉన్నాడు పాపం. …ఏం నాన్నా, ఆఫీసరుగారు వింటున్నారు. ఆ చిప్ తీసెయ్యమన్నది ఎవరు?

…

హలో? …లైన్లోనే ఉన్నాడు సార్. చెప్పు నాన్నా. అమ్మ కూడా ఇందాకే అడిగింది, నువ్వెప్పుడొస్తావని.

…ఏంటీ? వినపడలేదు. ఇంకాస్త గట్టిగా.

…విన్నారుగా సార్? తనే తీసెయ్యమన్నానంటున్నాడు.

…అయ్యయ్యో, ఏడవకు. పసివాడు సార్, పని బాగా తెలుసు కానీ తొందరెక్కువ. …పెట్టెయ్ నాన్నా. …పెట్టెయ్యరా, అమ్మకి నేను చెబుతాలే.