తమటెకు మైకు యాడ పెట్టల్ల

ఆ పేపరు రోంత కిందికి దించు నాయినా. అది నిన్నటిది, నిన్ననే రెండుసార్లు చదివినావు. నేను బెల్లం అంగడి వదిలి వెనక గదిలో స్టూడియో పెట్టినప్పటి నుంచి, నాతో చెప్పేదంతా అమ్మతోనే చెప్పి పంపిస్తాండావు. ఇప్పుడు ఆ గదిలో మళ్ళీ బెల్లం మూటలు దించుతారంట, శనివారానికి "వాడి" సామానంతా ఎత్తేయల్లంట. సరే, ఎత్తేస్తా. ముందు మొన్న జరిగిందేమో విను.

నేనేమన్నా కావాలని చేసినానా? బెంగుళూరు సినిమావాళ్ళు మొదటిసారి నాకు పని ఇచ్చినారు. ఒక్క తమటె, తోలు తప్పెట చప్పుడు, రెండు నిమిషాలు, అంతే. మన ఊరు చింతామణిలో తమటె అంటే గంగప్పే గదా. పిలిపిస్తిని.

తిప్పలన్నీ మైకు కాడే వచ్చె. దగ్గర పెడితే పుల్ల చప్పుడే గానీ తోలు పలకదు. దూరం పెడితే గోడలు పలుకుతాయి. గోడలకు పరుపులు కూడా కట్టినా, అమ్మ పెండ్లినాటి పరుపు కూడా వదల్లే. ఇంక ఒకటే దారి. గంగప్ప ఒక దెబ్బ కొట్టేది, నేను మైకు జానెడు జరిపేది, వినేది, ఇంకో దెబ్బ. తొమ్మిది గంటల నుంచి ఇదే పని.

ఒంటి దెబ్బ. రోంత సేపు నిలిపి ఇంకో ఒంటి దెబ్బ. మన ఊర్లో అట్ల ఎప్పుడు కొడతారో నాకు తట్టనేలే. చెవులకు హెడ్‌ఫోను ఉండె.

దానికి తోడు మంట. చలికి తోలు సడలింది, కాచల్ల అన్నాడు గంగప్ప. పెరట్లో కాచొచ్చు గానీ, అమ్మ ఆడంతా మిరపకాయలు ఎండేసి బాగేపల్లికి పోయిండె. వాకిలి ముందర నాలుగు కట్టెలేసి మంట పెడితిమి. నువ్వేమో ఆఫీసు పనని మొదటి బస్సుకే చిక్కబళ్ళాపురం పోతివి, అంగడి మూసుండె. అంగడి మూత, వాకిట్లో మంట, లోపల సావుకు కొట్టినట్ల తమటె. ఎదురింటి తిమ్మక్క తప్పేముంది చెప్పు. రామకృష్ణయ్య పోయినాడని బజారంతా చెప్పేసింది.

సగం షట్టర్లు దించేసినారు. పక్కంగడి అంబరీష్ శామియానాకు ఫోన్ చేసినాడంట. తూకంలో ఒక్కనాడు మోసం చేయలేదని అందరూ నిన్ను పొగిడినారంట నాయినా. బతికుండగా ఎవురన్నా అన్నారా ఆ మాట?

నువ్వేమి తక్కువ? బస్సు దిగి, బజారు మూసుండేది చూసి, పోయిందెవురని అడిగితివా? మన బజారోళ్ళ పద్ధతే అది, ముందు హారం కొనేది, అడిగేది తర్వాత. చామంతి హారం పట్టుకొని, జనం వెనకాల తల దించుకొని నడిచి, మన వాకిట్లోకే వస్తివి. నిన్ను చూసి శామియానావాడు గుంజ వదిలేసినాడు.

నవ్వొస్తే నవ్వు, పేపరు అడ్డం పెట్టుకోవద్దు.

ఇంకో సంగతి ఉండాది. అది ఎవురికీ చెప్పలే.

గంగప్పకు చెవుడు గదా. నేను చేయి ఎత్తేదాకా ఆ ఒంటి దెబ్బలే ఆపకుండా కొట్టమని చెప్పి, మైకు పట్టుకొని గదంతా తిరుగుతాంటి. కిటికీలో చూస్తే జనం, వాళ్ళ చేతుల్లో హారాలు కనపడె. మైకుతోనే వాకిట్లోకి వస్తిని. తిమ్మక్క నా చేయి పట్టుకొని, మీ నాయిన పోయినాడంట గదప్పా అనె. ఆ తమటె కొట్టిస్తాండేది నేనే అని నాకు తెలుసు. అయినా నమ్మేస్తిని. చిక్కబళ్ళాపురం బస్సు యాడన్నా బోర్లా పడిందేమో అనుకొంటి. మైకు గడప మీద జారిపోయింది. ఊరంతా చూస్తాండగా ఏడ్చినాను నాయినా.

నిన్న మధ్యాహ్నం ఆ రికార్డింగు పెట్టుకొని విన్నాను. మైకు పెట్టల్సిన తావు అదే, ఆ గడపే. తోలు, పుల్ల, అన్నీ చక్కగా పలుకుతాండాయి. పొద్దున్నుంచి గదంతా వెతికితే దొరకనిది, చేయి జారితే దొరికింది.

సినిమావాళ్ళకు కావల్సింది ఇంకోసారి గడప మీద మైకు పెట్టి కొట్టిస్తాలే. ఇది మాత్రం పంపించేకి లేదు. దీంట్లో నా ఏడుపు ఉండాది. దాని వెనకనే ఇంకో గొంతు ఉండాది. మన వాకిలి చూసి, పోయింది నేననుకొని, హారం యాడనో పడేసి జనాన్ని తోసుకొంటా వస్తాండావు నువ్వు. నాగేశా, నాగేశా అని.

శనివారం మూటలు నేనే మోస్తా. ఇది మాత్రం చెరపను. అంగడి వదిలినాక నువ్వు నన్ను పేరు పెట్టి పిలిచింది అదొక్కతూరే.