పచ్చగీత

మధ్యాహ్నం, భోజనాల వేళ. లిఫ్టులు బాగుచేసే భర్త పని మధ్యలో తినడానికి ఇంటికి వచ్చాడు. అంబులెన్స్ కాల్ సెంటర్లో రాత్రి డ్యూటీ చేసే భార్య నిద్రపోవాల్సిన వేళకి వంటగదిలో గిన్నెలు తోముతోంది. పక్కగదిలో, ఒంటిపూట బడి నుంచి వచ్చిన వాళ్ళ ఆరేళ్ళ కూతురు పిచ్చుక పడుకుని ఉంది.

"గొంతు తగ్గించండి. పిల్ల లేస్తుంది."

"నేనెక్కడ గొంతు పెంచాను? నీతో మాట్లాడాలి అన్నాను, అంతే."

"ఇప్పుడు కాదు. ముందు తినండి."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? రాత్రి నేనొచ్చేసరికి నువ్వు వెళ్ళిపోతావు. పొద్దున నువ్వొచ్చేసరికి నేను ఎవరి లిఫ్టులోనో వేలాడుతుంటాను. మనకున్నదే ఈ నాలుగు ముద్దలు తినే టైము."

"అందుకే, ఆ నాలుగు ముద్దలూ తినండి. శనివారం దాకా నన్ను కదిలించకండి. తర్వాత మీ ఇష్టం. కావాలంటే రోజంతా పోట్లాడుకుందాం, నేనే మొదలెడతా."

"పోట్లాటకి కూడా ముహూర్తం పెట్టావన్నమాట."

"నేను పెట్టలేదు, ఆఫీసు పెట్టింది. వాళ్ళిచ్చిన చేతిబ్యాండు మన నిద్రా, గుండె దడా చూసి ఫోన్లో గీత గీస్తుందిగా, నెలంతా అది పచ్చగా ఉన్నవాళ్ళకే పగటి డ్యూటీ. శనివారంతో నెల అయిపోతుంది. ఇప్పుడు తప్పిందంటే ఇంకో ఆరు నెలలు రాత్రుళ్ళే."

"గీత, గీత, గీత! ఇంకొక్కసారి ఆ మాట అన్నావంటే నీ ఫోను తీసుకెళ్ళి లిఫ్టు గుంటలో పడేస్తా."

"పడేయండి. ఇంకోటి ఇస్తారు. మా ఆరోగ్యం అంటే వాళ్ళకి అంత ప్రేమ."

"ప్రేమా గాడిదగుడ్డూనా."

"బ్యాండు చేతికి కట్టిన రోజు ఏం చెప్పారనుకున్నారు? ఇది మీ మంచికే, హాయిగా నిద్రపోండి, ప్రశాంతంగా ఉండండి అన్నారు. రాత్రి ఒకావిడ, మా నాన్న ఊపిరి తీసుకోవట్లేదండీ అని ఏడుస్తోంది. నేనేమో గుండె మీద ఎలా నొక్కాలో చెప్తున్నా. అప్పుడు గుర్తొచ్చింది దీనికి. చేతి మీద బుర్రుమని, లేచి కాసేపు నడవండి అంటోంది."

"నడిచావా?"

"మీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వట్లేదు. ఒళ్ళు మండుతోంది. పడుకోవే తల్లీ అంటే గిన్నెలు తోముతావు."

"పడుకుంటే పట్టదండీ. కళ్ళు మూసుకోగానే, అది చూస్తోంది, ఇప్పుడు నిద్ర రాకపోతే ఎర్రగీత పడుతుంది అనిపిస్తుంది. ఇంకేం నిద్ర? ఈ దిక్కుమాలినది రాకముందు మంచం మీద వాలితే చాలు, మొద్దులా పడి ఉండేదాన్ని."

"సరే. పిల్ల టీచర్ ఫోన్ చేసింది."

"ఎప్పుడు?"

"పొద్దున. నీకు చేస్తే ఎత్తలేదట."

"ఏమైంది? మళ్ళీ ఎవరి జుట్టయినా పట్టుకుందా?"

"పట్టుకున్నా బాగుండు. నోరే విప్పట్లేదట. క్లాసులో ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు, తల బల్ల మీద పెట్టి కళ్ళు మూసేసుకుంటోందట. ఇంట్లో ఏమైనా గొడవలా అనడిగింది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? అబ్బే, లేదండీ అన్నాను."

"నిజమేగా. దాని ముందు మనం ఎప్పుడైనా మాటా మాటా అనుకున్నామా? ఏదున్నా అది పడుకున్నాకే."

"అదే చెప్పాను. అందుకే ఆలోచించాను. కొన్నాళ్ళు పిచ్చుకని మా అక్క దగ్గర ఉంచుదాం."

"ఏమన్నారు?"

"కొన్నాళ్ళే."

"చంపినా పంపను."

"అక్కడ రాత్రిపూట దాని పక్కన ఓ మనిషైనా ఉంటుంది. ఇక్కడ ఎవడో లిఫ్టులో ఇరుక్కుపోయాడని ఫోనొస్తే, పిల్లని లేపి పక్కింటావిడ దగ్గర పడేసి పోతున్నాను. ఇదీ ఒక బతుకేనా?"

"అంటే నేను వదిలేసి పోతున్నాననేగా మీ మాట! అనండి, మొహం మీదే అనండి!"

"అనలేదు!"

"అన్నట్టే ఉంది!"

"అదిగో, ఫోన్లో మోగింది నీ రెండో అత్తగారు. చూసుకో."

"అయ్యో... ఎర్రగీత. మళ్ళీ ఎర్రగీత!"

"పడదూ మరి? పైకి నిమ్మకు నీరెత్తినట్టు ఉంటావు, లోపల కుతకుత ఉడికిపోతుంటావు. అది అబద్ధం చెప్తుందా?"

"అదే అబద్ధం చెప్తోంది! వారం నుంచీ ఇదే వరస. బ్యాండు పాడైందని ఆఫీసులో కూడా చెప్పాను. దాంట్లో ఏ లోపమూ లేదు, మీరే మనసు నెమ్మదిగా ఉంచుకోండి అన్నారు."

"ఉంచుకో మరి."

"నా మనసుతో పనేంటండీ దానికి!"

"అదేంటి? నీ చేతికే కదా ఉంది? ఏదీ, చెయ్యి చూపించు."

"తడిగా ఉంది."

"చూపించు."

"మీరు తినండి ముందు."

"బ్యాండేది?"

"అరవకండి. పగలు తీసేస్తున్నాను. నాకెలాగూ నిద్ర పట్టట్లేదుగా. అందుకని..."

"అందుకని?"

"పిచ్చుక చేతికి కడుతున్నాను. అది పడుకున్నంతసేపూ. నేను నిద్రపోయినట్టు చూపిస్తుందని."

"పిల్ల చేతికా! మతి ఉండే చేస్తున్నావా?"

"మతి పోయే చేస్తున్నాను! దాని పక్కన పడుకుని కథ చెప్పి ఎన్నాళ్ళైందో తెలుసా మీకు? నా చీర పక్కలో పెట్టుకుని పడుకుంటోందని మీరే చెప్పారు. దాని కోసమే కదా ఈ తిప్పలన్నీ!"

"ఉండు, ఉండు. మరి దాని చేతికుంటే ఎర్రగీత ఎందుకు పడుతోంది?"

"అదే కదా నా ఏడుపు. పడుకోగానే చక్కగా పచ్చగీత వస్తుంది. కాసేపు అలాగే ఉంటుంది. ఉన్నట్టుండి ఎర్రబడుతుంది."

"ఎప్పుడు?"

"ఎప్పుడేంటి, రోజూ ఇదే వేళకి. మీరు అన్నానికి వచ్చాక."

"నేను రాగానేనా, మనం మొదలెట్టాకా?"

"మొదలెట్టాకే."

"అంటే?"

"నిద్రపోయే పిల్ల గుండె అలా కొట్టుకోదు కదండీ."

"పిచ్చుకా! లేచే ఉన్నావా తల్లీ?"

"లేదు నాన్నా, నిద్రపోతున్నాను. మీరు పోట్లాడుకోండి."