ముందు గది అద్దెకిచ్చినాం

“మామ్మా, తాతని సూసుకోడానికి మనిషిని పెట్టినప్పుడు ఖర్చులు ఎలగ సరిపెట్టేవు?”

ఎలగేటి బుజ్జమ్మా... కూకో, సెప్తాను. మీ తాతకి పచ్చవాతం వొచ్చి కుడి పక్కంతా పడిపోనాది కదా. మాటా పోనాది. ఆసుపత్రి నించి ఈ లంజిపల్లి ఇంటికి తెచ్చినాక మీ నాన్న, మీ సిన్నాన్న కూకుని లెక్కేసినారు. మనుషుల్ని పంపే ఏజెన్సీ నించైతే, పగలు సూసుకోడానికే నెలకి పన్నెండు వేలంట. “అమ్మ ఉంది కదా, మనిషెందుకు?” అన్నాడు మీ సిన్నాన్న. తప్పుగా అన్లేదులే. ఆడికి తెలీదు, పాపం.

నాకు మా అత్తగారు గుర్తొచ్చినాది. అప్పుడు పురుషోత్తంపూర్లో ఉండేవోళ్లం. కింద బియ్యం, పప్పుల కొట్టు, మీద ఇల్లు. కిలో బియ్యం రూపాయి... కాదు కాదు, రూపాయిన్నర. ఆవిడ రెండేళ్లు మంచం మీదే. ఎత్తడం, కడగడం అంతా నానే. పందొమ్మిదేళ్ల పిల్లని, బిందెడు నీళ్లు సంకనెట్టుకుని మెట్లెక్కీసేదాన్ని. పోయే ముందు నా సెయ్యట్టుకుని, “నీ నడుం ఇరిసీసినానే అమ్మా” అన్నాది. ఎంత మంచి మనిషో తెల్సా? ఆవిడ పెట్టిన ఆవకాయ... సరే, అదొగ్గీయ్.

మరి డెబ్బై దాటినాక ఆ బలం ఎక్కడిదమ్మా? “నానూ పడిపోతే ఇద్దరికి మనుషుల్ని పెట్టాలిరా” అన్నాను. ఇద్దరూ మనిషిని ఎతకడం మొదలెట్టినారు.

తెలిసినోళ్లు సెప్తే పొలసర నించి కుంతల వొచ్చినాది. ఒడియా మనిషి. తొమ్మిది వేలు అడిగినాది. తగ్గిద్దామన్నాడు మీ నాన్న, నానొప్పుకోలేదు. ఆ పని సేసినదాన్ని, దాని బరువు నాకు తెల్సు. ఇంక మందులు, డైపర్లు, వారానికి మూడుసార్లొచ్చి వ్యాయామం సేయించే డాక్టరు... పిల్లలిద్దరూ ఇచ్చింది పోను నెలకి ఐదు వేల సిల్లర తక్కువ. “డాక్టర్ని మానిపించీద్దాం” అన్నారు. మానిపిస్తే ఆయన లేస్తాడా, నువ్వే సెప్పు?

అప్పుడు ముందు గది తట్టినాది నాకు. కొట్టు అమ్మీసి ఇక్కడికొచ్చినాక మీ తాత అందులోనే పరుపేసుకుని, బాలీసుకి ఆనుకుని కూకునేవోడు. పాత బేరగాళ్లొస్తే టీలు, కబుర్లు. ఆ గదిని ఇమ్మని ఎలగడగను? మూడో రోజు అన్నం తినిపిస్తా అడిగీసినాను. “గది అద్దెకిద్దామా? మీకు నడక రావాల కదా.” ఆ గదికేసి సూసినాడు. కళ్లంట నీళ్లు. తరవాత ఎడం సెయ్యి నా సెయ్యి మీదేసి తలూపినాడు. నానింక అక్కడ కూకోలేక కంచం కడగడానికి ఎలిపోనాను.

బట్టలు కుట్టే ఆడమనిషి దిగినాది. ఐదున్నర వేలు అద్దె. డాక్టరు మానలేదు. ఆయన రాని రోజుల్లో కుంతలే నడిపించీది. నాను దిగాలుగా కూకుంటే, “చింతా కొరొ నీ మావుసీ,” బెంగెట్టుకోకు పిన్నీ అనీది. నాలుగు నెలలకి మీ తాత కుంతల భుజమట్టుకుని అరుగు మీద కుర్చీ దాకా నడిసినాడు. కూకున్నాడు. లోపల మిషను తొక్కుతున్న ఆ పిల్లని సూసినాడు. నోరు అటూ ఇటూ తిప్పి, “బో... బోణీ... అయిందా?” అన్నాడు.

మాటొచ్చినాది బుజ్జమ్మా! అన్నాళ్ల తరవాత మొదటి మాట అదీ! కుంతల ఏడ్సీసినాది, నాను నవ్వీసినాను. ఆ మీద బతికిన మూడేళ్లూ రోజూ అదే అడిగీవోడు. ఆ పిల్ల, బోణీ అవకపోయినా, “అయింది తాతగారూ” అనీది.

నీ ఇంట్లో ఎవులికి జబ్బు సేసినా సూసే సేతులుండాల తల్లీ. ఆ సేతులకి తిండీ, నిద్రా ఉండాల. సల్లగుండు...