గొర్రెకొవ్వు వాసన

పెన్సిల్వేనియా కొండల్లో డిసెంబరు మధ్యాహ్నం. షెడ్డు ముందు పొయ్యి మీద ఏదో కాస్తున్న ముసలాయన దగ్గరికి, ఎదురింట్లో కొత్తగా దిగినావిడ ముక్కు మూసుకుని వచ్చింది.

"ఏం కాస్తున్నారండీ? తలుపులన్నీ మూసుకున్నా ఇల్లంతా కంపు."

"గొర్రెకొవ్వమ్మా. అందులో కాస్త తేనెమైనం. తూటాకి రాసే కందెన."

"తూటాకి కందెనేంటి?"

"మూతిలోంచి మందు కూరే పాతకాలం తుపాకీలకి కావాలి. కొట్లో కొన్న గ్రీజు రాశావో, గొట్టంలో తారులా పేరుకుంటుంది. ఇదైతే తూటా సాఫీగా దిగుతుంది. చలికాలం గనక మైనం తగ్గించాలి, లేకపోతే రాయైపోతుంది. ఇదిగో, ఈ చల్లారిన డబ్బాలో గోటితో గీరి చూడు."

"మెత్తగానే ఉంది. అయితే వేటకి ఎప్పుడు బయల్దేరుతున్నారు?"

"క్రిస్మస్ అయ్యాక, వెళ్ళేవాళ్ళు వెళ్తారు."

"మీరు వెళ్ళరా?"

"చూపు ఆనడం లేదు. తుపాకీ పోయినేడే అమ్మేశాను."

"మరి ఈ డబ్బాలన్నీ ఎవరికి?"

"ఎవరికని ఇవ్వను? నాతో వేటకొచ్చేవాళ్ళలో ఇప్పుడెవరూ లేరు."

"తుపాకీ లేదు, వేటా లేదు. మరెందుకండీ ఈ కంపు?"

"నువ్వు ఎదురింట్లో దిగిన దగ్గర్నుంచీ నీ కారు కనబడ్డప్పుడల్లా చెయ్యూపుతూనే ఉన్నాను. ఒక్కసారీ ఆపలేదు."

"చూసుకోలేదండీ."

"ఊళ్ళో ఎవరూ ఆపరులే. ఈ వాసనకైతే ఎవరో ఒకరు తిట్టడానికైనా వస్తారు."

ఆవిడ ముక్కు మీంచి చెయ్యి తీసి, పొయ్యి పక్కనున్న రెండు కుర్చీల వైపు చూసింది.

"ఆ రెండో కుర్చీ మీద మంచు దులపండి. కూర్చుంటాను."